విశాఖ గాలిలో చెడిపోని కరివేపాకు పొడి ఎలా చేయాలి?

కరివేపాకు పొడి చేయడం రాదనేవారు మన ఇళ్లలో దాదాపు కనిపించరు. అయినా విశాఖపట్నంలో ఇన్నేళ్లుగా నాకు బంధువులూ ఇరుగుపొరుగువారూ అభిమానంతో ఇచ్చిన సీసాల్లో పదిహేను రోజులు దాటి నిలిచినవి చాలా తక్కువ. మూత తీయగానే ఆకు వాసనకు బదులు ముక్కిన వాసన రావడం, పొడి ఉండలు కట్టడం, రంగు నల్లబడటం అనే మూడు దోషాలకూ చాలా ఇళ్లలో మూలం ఒక్కటే. ఆకులో తడి మిగిలి ఉండగానే తొందరపడి మూకుట్లో వేస్తున్నారు.

కావలసినవి

రెబ్బల నుంచి దూసిన ఆకు 100 గ్రాములు, ఎండుమిరపకాయలు 15, ధనియాలు 3 పెద్ద చెంచాలు, పచ్చిశనగపప్పు, మినప్పప్పు రెండేసి పెద్ద చెంచాలు, జీలకర్ర ఒక చిన్న చెంచా, చిన్న ఉసిరికాయంత చింతపండు, తగినంత కల్లుప్పు, చిటికెడు ఇంగువ, రెండు చిన్న చెంచాల నువ్వుల నూనె. ఒక ఇనుప మూకుడు, ఉతికి ఆరేసిన నూలు బట్ట, రోలు లేదా మిక్సీ ఉంటే చాలు. వెల్లుల్లి వేయకూడదు. వెల్లుల్లి పడిన పొడి వెల్లుల్లి పొడి అవుతుంది గాని కరివేపాకు పొడి కాదు.

ఆకు

సీతమ్మధార రైతుబజారులో కొన్నా, పూర్ణా మార్కెట్టులో కొన్నా లేత చిగుళ్ల కట్టను పక్కనపెట్టి, ముదురు పచ్చరంగులో దళసరిగా ఉన్న ఆకునే తీసుకోవాలి. లేత ఆకు ఎండేసరికి నల్లబడుతుంది, దానిలో సారమూ తక్కువే. ఆకును తిరగేసి అడుగున తెల్లని చుక్కలు గాని, నల్లని మసి గాని ఉన్నాయేమో చూడాలి. పెరటి చెట్టు ఉన్నవారు అదృష్టవంతులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా చెట్టు మొదలంటా విరిగిపోయింది. అయితే కరివేప వేళ్ల నుంచి పిలకలు వేసే చెట్టు కావడం వల్ల, ఆ పిలకల్లో ఒకటి ఎదిగి ఇప్పుడు మా వంటింటికి సరిపడా ఆకు ఇస్తోంది.

రెబ్బలను ఉప్పు కలిపిన నీటిలో కాసేపు ఉంచి, మంచినీటితో రెండుసార్లు కడిగి, బాగా విదిలించి, ఇంటి లోపల తాడు మీద తలకిందులుగా వేలాడదీయాలి. పైతడి పోయిన తరువాతే ఆకు దూయాలి. తడిగా ఉన్నప్పుడు దూస్తే నలిగిన చోటల్లా ఆకు నల్లబడుతుంది.

నీడన ఆరబెట్టడం

ఇక్కడ ఎంత ఓపిక పడితే పొడి అంత కాలం నిలుస్తుంది. మన ఊళ్లో ఉప్పు డబ్బాలో చెమ్మ చేరడం, విప్పిన అప్పడాల పొట్లం రెండో రోజుకే మెత్తబడటం అందరూ చూసేదే. ఆ గాలిలోనే ఆకునూ ఆరబెడుతున్నామన్న సంగతి మాత్రం మరచిపోతాం. సముద్రానికి దూరంగా ఉండే ఊళ్లవారి వంటల పుస్తకాల్లో ఒక రోజు చాలునని రాసి ఉంటే, సముద్రం దగ్గర అది రెండు రోజులని, వానాకాలంలో మూడు నాలుగు రోజులని అనుకోవాలి. ఉత్తరపు గాలి వీచే డిసెంబరు, జనవరి నెలలు ఈ పనికి అన్నిటికంటే మంచివి.

నూలు బట్టను గదిలో నేల మీద గాని, మంచం మీద గాని పరచి, ఆకు మీద ఆకు పడకుండా ఒకే వరుసగా పలచగా చల్లాలి. పంకా తిరుగుతూ ఉండాలి. సముద్రం వైపు కిటికీలు పగటిపూట మూసి ఉంచాలి, ఎందుకంటే ఎండ ఎక్కే కొద్దీ ఆ వైపు నుంచి వచ్చే గాలి చల్లగా హాయిగా ఉన్నా తడిని మోసుకొస్తుంది. పూటకు రెండుసార్లు ఆకును చేతితో మెల్లగా కదపాలి. రాత్రి పంకా ఆపవలసి వస్తే, ఆకును మరో పొడిబట్టతో కప్పాలి.

మేడ మీద ఎండలో వేస్తే ఒక్క పూటలో ఎండిపోతుందని చాలామంది నాతో వాదిస్తారు. ఎండుతుంది, నిజమే. కరివేపాకు సువాసన దానిలోని నూనెల వల్ల వస్తుంది, ఆ నూనెలు వేడికి గాలిలో కలిసిపోతాయి. పచ్చదనం కూడా వెలిసిపోయి, చివరికి మిగిలేది రంగూ వాసనా లేని ఎండుటాకు. పచ్చి ఆకునే నూనెలో వేయించి పొడి కొట్టడం మరో పద్ధతి. అది నాలుగు రోజుల్లో తినేసే ఇంటికి సరిపోతుంది గాని, నిలవకు పనికిరాదు.

ఆకు అంచులు ముందు ఎండుతాయి, నడి ఈనె చివరికి ఎండుతుంది. అందరూ మోసపోయేది ఇక్కడే. పైకి గలగలలాడుతున్న ఆకులో ఈనె ఇంకా పచ్చిగా ఉండవచ్చు. అందుచేత ఉన్నవాటిలో పెద్ద ఆకును ఏరి, ఈనెకు అడ్డంగా మడిచి చూడాలి. వంగిందంటే పచ్చి ఉన్నట్టే. నార సాగినట్టు సాగి తెగినా మరో పూట ఉంచవలసిందే. చిటుక్కున విరిగి, విరిగిన చోట పొడి రాలితేనే ఆకు ఎండినట్టు. ఇలా ఒక ఆకును కాదు, బట్ట నాలుగు మూలల నుంచీ, మధ్య నుంచీ తీసి అయిదు ఆకులను పరీక్షించాలి. తూకం ఉన్నవారికి ఇంకో ఆధారం ఉంది. పచ్చి ఆకులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే కాబట్టి, 100 గ్రాముల ఆకు 40 గ్రాములలోపుకు దిగాలి.

మా అమ్మాయి పురిటికి వచ్చిన ఏడాది ఆగస్టులో, ఒక్క రోజు ఆరిన ఆకుతో పొడి చేసి సీసాకు ఎత్తాను. ఎనిమిదో రోజున మూత అంచున తెల్లని బూజు దారాలు కనిపించాయి. బాలింతకు పెట్టవలసిన పొడి అది. ఆ రోజు నుంచి ఈనె విరిచి చూడకుండా నేను మూకుడు పొయ్యి మీద పెట్టలేదు.

వేయించడం, పొడి కొట్టడం

నూనెలో ముందు పప్పులను, అవి రంగు తిరుగుతుండగా ధనియాలు, మిరపకాయలను, చివర జీలకర్ర, ఇంగువను సన్నని సెగ మీద వేయించి తీయాలి. పొయ్యి ఆపి, ఆ వేడి మూకుట్లోనే చింతపండును, ఉప్పును కాసేపు కదిపితే వాటి చెమ్మ కూడా పోతుంది. మూకుడు తుడిచి, నూనె లేకుండా ఆకు వేసి, సన్నని సెగ మీద రెండు నిమిషాలు మాత్రమే కదపాలి. గోధుమరంగు వచ్చిందంటే చేదు వచ్చినట్టే.

అన్నీ పూర్తిగా చల్లారాక ముందు దినుసులను, తరువాత ఆకును కొద్ది బరకగా పొడి చేయాలి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి. రోట్లో దంచిన పొడికి వచ్చే వాసన మిక్సీ పొడికి రాదు, వీలున్నవారు దంచడమే సరైనది. పొడిని పళ్లెంలో పరచి వేడి పోయాకే ఎండబెట్టిన గాజు సీసాలోకి ఎత్తాలి. వాడుకకు చిన్న సీసా వేరుగా పెట్టుకుని, పెద్ద సీసా మూత వారానికి ఒకసారికి మించి తీయకూడదు.

బాలింతలకు పథ్యంగా, జ్వరం తగ్గి నోటికి రుచి తెలియని వారికి, పెద్దవాళ్లు ఈ పొడినే మొదటి ముద్దలో పెట్టేవారు. అన్నం పొగలు కక్కుతూ ఉండాలి, పొడి ముందు వేసి, నెయ్యి గాని నువ్వుల నూనె గాని దాని మీద వేసి కలపాలి.