పాత క్యామ్రీలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్, పాన్ గాస్కెట్ ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా?

అమెరికాలో చదువుకోడానికో, కొత్తగా ఉద్యోగానికో వచ్చినవాళ్లు కొనే సెకండ్ హ్యాండ్ కార్లలో టొయోటా క్యామ్రీ ఒకటి. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చిన కారులో ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో స్టిక్కర్ చూసి చెప్పేయొచ్చు. ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం అమ్మేవాళ్లు చాలాసార్లు నీళ్లు నములుతారు. ఆ ఆయిల్ గేర్లను తడిపి ఊరుకోదు. గేరు మారడానికి కావలసిన ఒత్తిడి దాని నుంచే వస్తుంది, లోపలి క్లచ్ ప్లేట్ల వేడిని మోసుకెళ్లేదీ అదే. ఏళ్ల తరబడి వేడెక్కీ వేడెక్కీ దాని గుణం పోయిందంటే అరిగేది గేర్‌బాక్సే, అది పోతే బిల్లు కారు ధరకే దగ్గరగా వచ్చేస్తుంది. అందుకే ఈ పని వాయిదా వేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక్కడ రాసేదంతా 2002 నుంచి 2006 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల ఆటోమేటిక్ క్యామ్రీ గురించి. వీ6 అయితే పద్ధతి దాదాపు ఇదే గానీ ఆయిల్ కొలతలు వేరు, మాన్యువల్ చూసుకోండి. ఇండియాలో ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. మారుతి ఏజీఎస్ లాంటి ఏఎంటీ కార్లు క్లచ్ పెడల్ లేకపోయినా లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సులే, వాటిలో పోసేది గేర్ ఆయిల్. సీవీటీకి (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) దాని సొంత ఆయిల్ ఉంటుంది. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌లో క్యామ్రీలోలాగే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉంటుంది గానీ డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) ఉండదు, ఆయిల్ వేడి కొలిచి ఓవర్‌ఫ్లో ప్లగ్ ద్వారా లెవెల్ చూడాలి. ఆ పని స్కానర్ లేకుండా ఇంటి దగ్గర మొదలుపెట్టొద్దు.

ముందు డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేయండి. కొత్త ఆయిల్ చక్కటి ఎరుపు రంగులో ఉంటుంది. ముదురు ఎరుపో, గోధుమ రంగో అయితే మార్చే టైమ్ వచ్చిందని అర్థం. నల్లగా ఉండి మాడు వాసన వస్తోందంటే, పైగా గేరు పడేటప్పుడు ఇంజిన్ మాత్రం గర్రుమని కారు ముందుకు కదలడం లేదంటే, లోపల క్లచ్‌లు ఇప్పటికే అరిగిపోయి ఉండొచ్చు. ఆయిల్ మార్చినంత మాత్రాన అవి తిరిగి రావు, అలాంటి కారుని ముందు మంచి ట్రాన్స్‌మిషన్ మెకానిక్‌కి చూపించండి.

ఏం కొనాలి

ఈ కారుకి టొయోటా టైప్ టీ-ఫోర్ ఆయిల్ కావాలి. షాపులో డెక్స్‌రాన్ అనే ఇంకో రకం ఆయిల్ చేతిలో పెట్టి "అన్నీ ఒకటే" అంటే వినకండి. టొయోటాదే అయినా డబ్ల్యూఎస్ కూడా వద్దు, అది తర్వాతి మోడళ్లకి వచ్చిన పల్చటి ఆయిల్. వేరే బ్రాండ్ కొంటే సీసా మీద టీ-ఫోర్ లేదా జేడబ్ల్యూఎస్ 3309 అని ఉండాలి. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే రేకు పళ్లెం) కూడా విప్పుతున్నాం కాబట్టి ఐదారు క్వార్టులు (క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ) దగ్గర పెట్టుకోండి. ఫిల్టర్, పాన్ గాస్కెట్ (పాన్ అంచు నుంచి ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే పట్టీ) కలిపి కిట్‌గా దొరుకుతాయి, ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ ప్లగ్‌కి కొత్త వాషర్ కూడా తీసుకోండి.

పనిముట్లలో 10 ఎంఎం సాకెట్, 10 ఎంఎం అలెన్ బిట్, సన్నటి పొడవాటి గొట్టం ఉన్న గరాటు, వెడల్పాటి ట్రే, ప్లాస్టిక్ స్క్రేపర్, బ్రేక్ క్లీనర్, నూలు పోగులు రాలని గుడ్డలు, గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యం ఇంచ్-పౌండ్ టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే చిన్న రెంచ్. చక్రాల నట్లకి వాడే పెద్ద రెంచ్ దీనికి పనికిరాదు. కొనడం ఎందుకనుకుంటే ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని టూల్స్ అరువిస్తారు, తిరిగిచ్చాక ఆ డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు లీజు కాగితం ఒకసారి చదవండి. చాలా కాంప్లెక్సుల్లో పార్కింగ్‌లో రిపేర్లు చేయనివ్వరు. సొంత డ్రైవ్‌వే ఉన్న ఫ్రెండ్ ఇల్లు చూసుకోవడం మేలు.

కారు లేపడం, ఆయిల్ దించడం

ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి ఆపేయండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే బాగా కారుతుంది. దూరం తిప్పి వచ్చిన వెంటనే మాత్రం విప్పొద్దు, ఆ వేడికి చెయ్యి కాలుతుంది. చదునైన సిమెంటు నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, జాకీతో ముందు భాగం లేపి, రెండు వైపులా జాక్ స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు, ఇది ప్రాణాలతో పని. స్టాండ్ల మీద పెట్టాక కారుని భుజంతో గట్టిగా ఊపి చూడండి, కొంచెం కదిలినా దించి మళ్లీ సరిగ్గా పెట్టండి.

కింద ఇంజిన్ ప్యాసింజర్ వైపు, గేర్‌బాక్స్ డ్రైవర్ వైపు ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరబడి ఒక ప్లగ్‌కి బదులు ఇంకోటి విప్పేస్తారు. ఇంజిన్ ఆయిల్ ప్లగ్‌కి మామూలు 14 ఎంఎం బోల్టు తల ఉంటుంది, ట్రాన్స్‌మిషన్ ప్లగ్‌కి మధ్యలో అలెన్ కీ దూరే గుంట ఉంటుంది. ఆ గుంటలో మట్టి ఉంటే గీకేసి, బిట్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూసి తిప్పండి, లేకపోతే అంచులు అరిగి ప్లగ్ ఇక రాదు. కారిన ఆయిల్‌ని తర్వాత ఖాళీ పాల క్యాన్‌లో పోసి కొలవండి, ఎంత దిగిందో కాగితం మీద రాసుకోండి. ప్లగ్ ద్వారా సుమారు మూడున్నర లీటర్లు వస్తుంది, పాన్ విప్పితే ఇంకొంచెం.

పాన్ విప్పడం

కారడం ఆగాక ప్లగ్ చేత్తో పెట్టేయండి. పాన్ చుట్టూ డజనున్నర 10 ఎంఎం బోల్టులు ఉంటాయి. అన్నీ ఒకేసారి తీయకుండా, ఒక మూలన రెండు మూడు వదులుగా ఉంచి మిగతావి తీసేయండి, అప్పుడు పాన్ ఒక వైపుకే వాలి లోపల మిగిలిన ఆయిల్ ట్రేలో పడుతుంది, మీ ముఖం మీద కాదు. పాత గాస్కెట్ అతుక్కుపోయి పాన్ ఊడకపోతే పక్క నుంచి రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. గేర్‌బాక్స్ అంచు అల్యూమినియం, దాని మీద ఒక్క గీత లోతుగా పడినా కొత్త గాస్కెట్ వేసినా అక్కడి నుంచే కారుతుంది.

పాన్ లోపల చిన్న అయస్కాంతాలు ఉంటాయి. వాటికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే కంగారు పడకండి, అది మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలో రేకులో కనిపిస్తే ఫొటో తీసి మెకానిక్‌కి చూపించండి. అయస్కాంతాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకుని తీసి, శుభ్రంగా తుడిచి అక్కడే పెట్టండి.

ఫిల్టర్ రెండు మూడు బోల్టులతో ఉంటుంది, వాటిని విప్పి పాతది తీసి కొత్తది పెట్టాలి. ఏ బోల్టు ఏ రంధ్రంలోదో చూసుకోండి. దాని నుంచి కూడా ఆయిల్ కారుతుంది, ట్రే జరపకండి. పాత ఫిల్టర్ సీలు పైన రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోలేదు కదా అని టార్చి వేసి మరీ చూడండి. దాని మీదే కొత్త సీలు ఎక్కితే పంపు గాలి పీల్చుకుంటుంది.

గాస్కెట్: అసలు పని ఇదే

పాత గాస్కెట్ ముక్కలు రెండు అంచుల మీదా ఒక్కటి కూడా మిగలకుండా ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి. పైఅంచు గీకేటప్పుడు ముక్కలు లోపలికి పడకుండా చూసుకోండి. పాన్‌ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత దాని అంచుని తిరగేసి కంటికి సమానంగా పట్టుకుని చూడండి. ఇదివరకు ఎవరైనా బోల్టులు అతిగా బిగించి ఉంటే రంధ్రాల చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంటుంది. చెక్క ముక్క మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి చదును చేయండి. ఇది చేయకుండా ఎంత ఖరీదైన గాస్కెట్ వేసినా లాభం లేదు.

గాస్కెట్‌ని పొడిగానే పెట్టండి, సిలికాన్ పూయొద్దు. పూస్తే ఒత్తిడికి గాస్కెట్ జారి పక్కకి వస్తుంది, పిండినట్టు లోపలికి వెళ్లిన సిలికాన్ ఊడి ఫిల్టర్‌లో పడుతుంది. పాన్ పైకి పెట్టి బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించండి, చేత్తో తిరగని బోల్టుని రెంచ్‌తో బలవంతం చేయకండి.

బిగింపు 69 ఇంచ్-పౌండ్లు, అంటే దాదాపు 7.8 న్యూటన్-మీటర్లు. ఇది చాలా తక్కువ, మణికట్టు బలంతోనే వచ్చేస్తుంది. ఫుట్-పౌండ్లు అనుకుని బిగిస్తే బోల్టు లోపలే తెగుతుంది. మధ్యలో ఉన్న బోల్టుల దగ్గర మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, ముందు సగం బిగింపు, రెండో రౌండులో పూర్తి బిగింపు. గాస్కెట్ నొక్కుకునేసరికి మొదటివి కాస్త వదులవుతాయి, కాబట్టి ఇంకోసారి చుట్టూ తిరిగి చూడండి. కారుతోందని ఇంకా బిగించడమే చాలా పాన్లు పాడవడానికి కారణం. డ్రెయిన్ ప్లగ్ మాత్రం కొత్త వాషర్‌తో 36 ఫుట్-పౌండ్లు, దానికి పెద్ద రెంచ్ వాడండి.

నింపడం, లెవెల్ చూడడం

ఆయిల్ పోసేది డిప్‌స్టిక్ గొట్టంలోనే. గరాటు పెట్టి నెమ్మదిగా మూడు క్వార్టులు పోసి, కింద పాన్ చుట్టూ తడి ఉందేమో టార్చితో చూసి, ఏమీ లేకపోతే కారు దించండి. దించాక, కిందికి వచ్చినంత ఆయిల్‌కి అర క్వార్టు తక్కువగా ఉండేలా మిగతాది పోయండి. ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని, పార్క్ నుంచి కిందిదాకా ఒక్కో గేరులో కొన్ని సెకన్లు ఆగుతూ వెళ్లి తిరిగి పార్క్‌కి రండి.

ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. ఇంజిన్ ఆయిల్‌లా ఆపేసి చూస్తే లెక్క తప్పుతుంది. చల్లగా ఉన్నప్పుడు కూల్ గుర్తుల మధ్య ఉండాలి. ఇరవై నిమిషాలు తిప్పి వచ్చాక ఆయిల్ 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్‌కి చేరుతుంది, అప్పుడు హాట్ గుర్తుల మధ్య ఉండాలి, ఇదే అసలైన లెవెల్. తక్కువైతే పావు క్వార్టు చొప్పున పోయండి. ఎక్కువైతే వదిలేయకుండా కొంచెం తీసేయండి, ఎక్కువ ఆయిల్ చిలికి నురగైతే ఒత్తిడి పడిపోతుంది.

ఇలా ఒకసారి చేస్తే సగానికి కాస్త తక్కువే కొత్త ఆయిల్ పడుతుంది, మిగతా పాతది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. అందుకే కొన్ని వారాలు నడిపాక పాన్ విప్పకుండా ప్లగ్ ఒక్కటి తీసి దించి పోయండి, మరికొన్నాళ్లకి ఇంకోసారి. మూడు విడతలకి సుమారు ఐదింట నాలుగు వంతులు కొత్తదవుతుంది. మెషీన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేయించడం కంటే పాత కారుకి ఇదే మంచిదని నా అభిప్రాయం.

మర్నాడు పొద్దున కారు కింద అట్టముక్క పరిచి చూడండి. ఎర్ర చుక్క కనిపించగానే గాస్కెట్‌ని తిట్టుకోకండి, ఈ కారులో పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా ఎర్రగానే ఉంటుంది. చుక్క పాన్ అంచు నుంచి వచ్చిందా, పైనుంచి జారి వచ్చిందా అని తుడిచి మళ్లీ చూస్తే తెలుస్తుంది. పాత ఆయిల్‌ని మూత బిగించి ఆటోజోన్‌కో, ఓరైలీకో తీసుకెళ్లండి, సాధారణంగా డబ్బు తీసుకోకుండానే తీసుకుంటారు. అందులో కూలెంటో, బ్రేక్ క్లీనరో కలిస్తే తీసుకోరు కాబట్టి పాన్ కడిగిన ద్రవం వేరే డబ్బాలో పట్టుకోండి.