డెల్టా విద్యార్థి ఇంగ్లీషులో పరిశోధన వ్యాసం రాసేటప్పుడు

కోనసీమ శివారు భూముల ఉప్పుదనం గురించి తెలుగులో రాసే వ్యాసం తరచుగా 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో మొదలై, కాటన్ దొరను స్మరించి, నెమ్మదిగా అసలు విషయానికి చేరుతుంది. మన పాఠకులు దాన్ని మర్యాదగానే భావిస్తారు. ఇంగ్లీషు జర్నల్‌కు రాసేటప్పుడు మాత్రం ఏ మండలంలో, సార్వా (ఖరీఫ్) పంటకాలంలోనా దాళ్వా (రబీ) పంటకాలంలోనా మట్టి నమూనాలు తీశారో, వాటిలో ఏం తేలిందో మొదటి పేరాలోనే చెప్పి, ఆనకట్ట చరిత్రలో మీ వాదనకు అవసరమైనంత మేరకే ఉంచండి. "అందరికీ తెలిసిందే" అన్న మాట కొట్టేసి, ఆ చోట ఆధారం చూపండి. భాషను బట్టి పేరా నడక మారుతుందని 1966లో భాషాశాస్త్రవేత్త రాబర్ట్ కాప్లాన్ ప్రతిపాదించారు. ఒక్కో భాషకు ఒకే నడకను అంటగట్టారన్న విమర్శ కూడా వచ్చింది, అది న్యాయమైనదే. అందువల్ల తెలుగు చిత్తుప్రతిని పారేయకుండా, దాని చివరి పేరాను ముందుకు తెచ్చి, మిగిలినదాన్ని ఆ వరుసలో సర్దండి.