వాక్యం నుంచి పనిలోకి – 3వ పాఠం: "మనస్ఫూర్తిగా" అన్న మాటను చేతికి తెచ్చుకోవడం

ప్రభువు నామంలో వందనాలు. పోయిన పాఠంలో ఒక వాక్యభాగాన్ని మూడుసార్లు నెమ్మదిగా చదివి, అందులో ఏం చేయమంటున్నారో ఆ మాటల కింద గీత గీయడం నేర్చుకున్నాం. ఈసారి ఆ గీత గీసిన మాటను మన పనిలోకి తెచ్చుకుందాం. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:22 నుంచి 4:6 వరకు తెరిచి పెట్టుకోండి. నోటుబుక్కు పక్కన ఉండాలి.

"మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి." మన ఇళ్లలో క్యాలెండర్ల మీద తరచూ కనబడే మాట ఇది. రోజూ చూస్తాం, దాటిపోతాం. అందుకే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఈ మాట మొదట ఎవరి చెవిన పడింది?

22వ వచనం "దాసులారా" అని మొదలవుతుంది. ఇష్టం లేకపోతే పని మానేసి వెళ్లే హక్కు లేని మనుషులు వాళ్లు. చెప్తున్న పౌలు కూడా సంకెళ్లలోనే ఉన్నాడు (4:18). ఇంకొంచెం ముందుకు వెళ్లి 4:9 చూడండి. పౌలు పంపుతున్న తుకికుతో పాటు కొలొస్సయికి ఒనేసిము కూడా వెళ్తున్నాడు. ఫిలేమోనుకు రాసిన పత్రిక చదివితే ఒనేసిము దాసుడని తెలుస్తుంది. పౌలు మాత్రం అతన్ని "నమ్మకమైన ప్రియసహోదరుడు" అంటున్నాడు. సంఘంలో ఈ ఉత్తరం చదువుతున్నప్పుడు "దాసులారా" అన్న మాట దగ్గర ఎంతమంది తలెత్తి ఒనేసిము వైపు చూసి ఉంటారో! నాకైతే ఇది తెలిశాకే ఆ వచనానికి ప్రాణం వచ్చింది.

రెండో ప్రశ్న: వాక్యం ఏది వద్దంటోంది? "కంటికి కనబడవలెనని కాక" అంటోంది. పౌలు రాసిన గ్రీకులో ఇది ఒకే మాట. కన్ను, దాస్యం అన్న రెండు పదాలు కలిసి అయింది. యజమాని చూస్తున్నంతసేపే చేసే చాకిరీ అన్నమాట. "మనస్ఫూర్తిగా" అన్నచోట గ్రీకులో ఉన్నది "ప్రాణంలో నుంచి" అని.

నేను బ్లౌజులు కుడతాను. లైనింగ్ బ్లౌజు పైకి ఎంత నీటుగా ఉన్నా, తిప్పి చూస్తే పనితనం తెలిసిపోతుంది. చంకల దగ్గర అంచులు పోగులు లేచి ఉంటాయి. హుక్సు పట్టీ లోపల హెమ్మింగ్ అంగుళానికొక కుట్టుతో సరిపెట్టేసి ఉంటుంది. పండగ ముందు తొందరలో నేనూ అలా ఇచ్చినవి ఉన్నాయి. ఈ వచనం ధ్యానిస్తున్న వారంలో నోటుబుక్కులో "పనిలో నమ్మకంగా ఉండాలి" అని రాసుకున్నాను. వారమంతా ఏమీ మారలేదు. తర్వాత దాన్ని కొట్టేసి, "ఈ రోజు ఇచ్చే రెండు బ్లౌజులకూ లోపలి హెమ్మింగ్ దగ్గర దగ్గరగా వేయాలి" అని రాశాను. అది చేయగలిగాను.

ఈ పాఠంలో నేర్చుకోవలసిన నేర్పు ఇదే. మీరు రాసుకున్న అన్వయం, అంటే వాక్యాన్ని మీ పనికి వర్తింపజేసుకున్న మాట, రాత్రి పడుకునేలోపు "చేశాను" అనో "చేయలేదు" అనో చెప్పగలిగేలా ఉందా చూడండి. "ప్రేమగా ఉంటాను" అన్నదాన్ని అలా తేల్చలేం. "అత్తయ్య చెప్పేది పూర్తయ్యేదాకా ఫోను పక్కన పెడతాను" అన్నదాన్ని తేల్చవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ వచనాన్ని చూపించి పనివాళ్ల దగ్గర ఎక్కువ పని లాగేవాళ్లు ఉన్నారు, విశ్వాసుల్లో కూడా. బైబిల్లో అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, పౌలు పెట్టింది కాదు. ఆ విభజన వల్ల 4:1 వేరే అధ్యాయంలో పడి, చదివేటప్పుడు జారిపోతుంది. "యజమానులారా... న్యాయమైనదియు ధర్మానుసారమైనదియు మీ దాసులయెడల చేయుడి" అన్నది ఇదే మాటకు కొనసాగింపు. మీ ఇంట్లో పనిమనిషి ఉంటే, మీ అన్వయం ఆమె జీతం ఒకటో తారీఖున ఇవ్వడంతో మొదలు కావచ్చు.

ఇక సాక్ష్యం సంగతి, అంటే మన విశ్వాసం గురించి ఇతరులకు చెప్పడం. 4:6లో "ప్రతి మనుష్యునికి ఏలాగు ప్రత్యుత్తరమియ్యవలెనో" అన్నచోట గీత గీయండి. ప్రత్యుత్తరం అంటే ఎవరో ముందు అడిగారన్నమాట. 1 పేతురు 3:15 కూడా "హేతువు అడుగు ప్రతివానికిని" అనే అంటుంది, అదీ "సాత్వికముతోను భయముతోను". మన మాట "ఉప్పు వేసినట్టు" ఉండాలంటున్నాడు పౌలు. కూరలో ఉప్పు తక్కువైతే మళ్లీ వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం.

ఒకావిడ బ్లౌజు తిప్పి చూసి, "లోపల ఎవరు చూస్తారని ఇంత శ్రద్ధ?" అని అడిగింది. నేను ఆనందం పట్టలేక పాపం, రక్షణ, నిత్యజీవం అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆవిడ చేతిలో సంచి పట్టుకుని గుమ్మం వైపే చూస్తూ నిలబడింది. చాలా నెలలు మళ్లీ రాలేదు. తర్వాత ఇంకొకరు అదే మాట అడిగినప్పుడు, "నేను నమ్ముకున్న యేసుప్రభువు లోపలిది కూడా చూస్తాడక్కా, ఆయన కోసమే కుడుతున్నాననుకుంటాను" అని ఊరుకున్నాను. ఆమె కాసేపు ఆగి, "మావారికి ఒంట్లో బాగుండట్లేదు, ప్రార్థన చేస్తావా?" అంది. పౌలు 4:3లో "వాక్యము చెప్పుటకు అనుకూలమైన సమయము" కోసం ప్రార్థించమని అడిగాడు. ఆ రోజు నాకు అది దొరికింది.

ఈ వారం అభ్యాసం: 3:22 నుంచి 4:1 దాకా ఒకే భాగంగా, మధ్యలో ఆగకుండా రోజూ ఒకసారి పైకి వినబడేలా చదవండి. మీ పనిలో ఎవరూ తిప్పి చూడని భాగం ఏదో ఒక్కటి రాసుకోండి. అది స్టాకు పుస్తకం కావచ్చు, పిల్లల నోటుబుక్కులు దిద్దడం కావచ్చు, గిన్నెల అడుగులు తోమడం కావచ్చు. ఆరు రోజులు ఆ ఒక్కదాని మీదే ఉండండి. చేయని రోజు "చేయలేదు" అని రాసి, దాన్నే ప్రార్థనలో ప్రభువుకు చెప్పండి. అలాగే, మిమ్మల్ని ఎవరైనా "ఎందుకిలా చేస్తున్నావు?" అని అడిగితే చెప్పడానికి రెండు వాక్యాలు మీ సొంత మాటల్లో రాసి ఉంచుకోండి, మూడోది వద్దు.

వచ్చే పాఠానికి అపొస్తలుల కార్యములు 16:11–15 చదువుకుని రండి. ఊదారంగు పొడి అమ్ముకునే లూదియ ఇంటి తలుపు దగ్గర కూర్చుందాం.