ఆల్కో ఇంజన్‌లో ఒక సిలిండర్ విప్పి కట్టడం: డబ్ల్యూడీఎం-2, 3ఏ బండ్ల మీద పని నేర్చుకునేవారికి

నల్గొండ, మహబూబ్‌నగర్ ఐటీఐలలో డీజిల్ మెకానిక్ చదివి రైల్వే డీజిల్ షెడ్‌లో అప్రెంటిస్‌గా చేరినవాళ్లు డబ్ల్యూడీఎం-2, 3ఏ రకం రైలింజన్లలో ఉండే 16 సిలిండర్ల ఆల్కో ఇంజన్‌ను చూసి మొదటిరోజు బిత్తరపోతారు. అంత అక్కర్లేదు. క్లాసులో విప్పిన సింగిల్ సిలిండర్ పంపుసెట్ ఇంజన్‌లో ఉన్నవే ఇక్కడా ఉంటాయి: హెడ్డు, పిస్టన్, కనెక్టింగ్ రాడ్, పిస్టన్ ఆడే గొట్టం లాంటి లైనర్. తేడా అంతా సైజులో ఉంది. దీని బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 9 అంగుళాలు. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, పదిన్నర అంగుళాలు. లెక్క కడితే ఒక్కో సిలిండర్ దాదాపు 11 లీటర్లు. ఆరు సిలిండర్లూ కలిపి ఆరు లీటర్లుండే లారీ ఇంజన్ పక్కన పెట్టి చూడండి, ఎంతదో తెలుస్తుంది. అందుకే చిన్న ఇంజన్ ఓర్చుకునే పొరపాటును ఇది ఓర్చుకోదు.

ముందు ఏ బండో తేల్చుకోండి

పాత కథ తెలియకుండా ఈ ఇంజన్‌కు స్పేర్ తీసుకోకూడదు. డబ్ల్యూడీఎం-2 అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్. తొలి బండ్లు 1962లో అక్కడి నుంచే వచ్చాయి. 1964 నుంచి వారణాసి డీజిల్ కార్ఖానాలో తయారీ మొదలైంది. పేరులో డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజర్‌కూ గూడ్స్‌కూ రెంటికీ పనికొచ్చేది. 2600 హార్స్‌పవర్, నాలుగు స్ట్రోకుల 251బి ఇంజన్, 1000 ఆర్‌పీఎం గరిష్ఠం, లోడ్ లేకుండా తిరిగే ఐడిల్ 400. బండి బరువు 112.8 టన్నులు. ఇదే బోరు, ఇదే స్ట్రోకు ఉన్న ఆరు సిలిండర్ల తమ్ముడు మీటర్‌గేజ్ వైడీఎం-4లో ఉండేది.

ఈ బండ్ల ఆయుష్షు 36 ఏళ్లని లెక్కేసి, సగం గడిచాక, అంటే 18 ఏళ్లకు, పూర్తిగా విప్పి తిరిగి కట్టే పద్ధతి పెట్టారు. ఆ పని కోసమే 1981లో పాటియాలాలో కార్ఖానా పెట్టారు. అక్కడికి 2600 హార్స్‌పవర్‌తో వెళ్లిన డబ్ల్యూడీఎం-2లు చాలావరకు 3100 హార్స్‌పవర్ 3ఏలుగా తిరిగొచ్చాయి. పేరులోని 3 మూడు వేలకు, ఏ మరో వందకు గుర్తు.

ఏం మారిందంటే: చక్రాల మోటార్లకు కరెంటిచ్చే డీసీ జనరేటర్ తీసేసి ఆల్టర్నేటర్, రెక్టిఫయర్ పెట్టారు. డీసీ జనరేటర్‌కు కమ్యుటేటర్, బ్రష్షులు ఉంటాయి. పవర్ పెంచేకొద్దీ అక్కడ నిప్పురవ్వలు లేచి, కరెంటు బ్రష్షు నుంచి బ్రష్షుకు దూకి ఫ్లాష్‌ఓవర్ అవుతుంది, ఆ దారిలో ముందుకు పోయే వీల్లేదు. ఇంజన్ వైపు కొత్త టర్బో, అది నొక్కి పంపే గాలిని చల్లబరిచే పెద్ద ఆఫ్టర్‌కూలర్, తలభాగం ఉక్కుతో చేసిన పిస్టన్లు, 140 డిగ్రీల ఓవర్‌ల్యాప్ (ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే వ్యవధి) ఉన్న క్యామ్‌షాఫ్టులు వచ్చాయి. ఫ్యూయల్ పంపు ప్లంజర్ 15 మి.మీ. నుంచి 17 మి.మీ. అయింది.

ఇది మీకెందుకంటే, ఒకే షెడ్‌లోని రెండు బండ్లు బయటికి ఒకేలా కనబడినా లోపలి సామాను ఒకటి కాకపోవచ్చు. పాత పిస్టన్, ఉక్కు తల పిస్టన్ బరువులు వేరు. ఒకే ఇంజన్‌లో రెండూ కలిపితే బ్యాలెన్స్ చెడి వైబ్రేషన్ మొదలవుతుంది. 17 మి.మీ. పంపుల మధ్య ఒక 15 మి.మీ. పంపు పెడితే ఆ సిలిండర్ ఒక్కటే నీరసంగా పనిచేస్తుంది. స్టోర్‌కు వెళ్లేముందు బండి నంబరు, ఇంజన్ నంబరు, పోయినసారి ఏం వేశారో ఆ రికార్డు, మూడూ చూసుకోండి.

పాన ముట్టకముందు

ఏ సిలిండర్ విప్పాలో, ఎందుకు చెడిందో తెలియకుండా విప్పడం దండగ. ముందు పొగ చూడండి. నల్లపొగ అంటే గాలి చాలడం లేదు, లేదంటే డీజిల్ సరిగా చిమ్మడం లేదు. ఎయిర్ ఫిల్టరు, టర్బో, ఆఫ్టర్‌కూలర్, ఇంజెక్టర్ ఆ వరుసలో చూడాలి. నీలిపొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయేమో అనుమానించాలి.

తర్వాత ఆయిల్. సంప్‌లో 910 లీటర్లుంటుంది, కానీ కబురు చెప్పడానికి ఒక్క చుక్క చాలు. ఇంజన్ ఆపగానే డిప్‌స్టిక్ కొస నుంచి ఒక చుక్క ఫిల్టర్ పేపర్ మీద వేసి, పేపర్ దేనికీ తగలకుండా ఆరనివ్వండి. బాగున్న ఆయిల్ అయితే మసి మధ్య నుంచి అంచుదాకా మెల్లగా పలచబడుతూ పాకుతుంది. మసిని పట్టి ఉంచే గుణం పోయిన ఆయిల్‌లో నలుపంతా మధ్యలో ముద్దగా ఆగిపోయి, కాటుక బొట్టు పెట్టినట్టు అంచు పదునుగా తేలుతుంది. ఇంకో చుక్క వేడి పెనం మీద వేస్తే, నీళ్లుంటే చిటపటలాడుతుంది.

ఆయిల్‌లో ఏ పదార్థం ఎంతుందో చెబుతూ షెడ్ ల్యాబ్ ఇచ్చే స్పెక్ట్రో రిపోర్టును చదవడం నేర్చుకుంటే సగం పని తప్పుతుంది. రాగి, సీసం పెరిగితే అరుగుతున్నది బేరింగ్ షెల్, అంటే రాడ్‌కూ క్రాంక్‌పిన్‌కూ మధ్య ఉండే పలచటి చిప్ప. క్రోమియం పెరిగితే క్రోమ్ పూత ఉన్న లైనర్. అల్యూమినియం పిస్టన్ నుంచి వస్తుంది. సోడియం వచ్చిందంటే కూలింగ్ నీళ్లలో కలిపే మందు ఆయిల్‌లోకి చేరింది, అంటే నీళ్లు లీకవుతున్నాయి. సిలికాన్ అంటే దుమ్ము. నడివేసవిలో సిమెంటు వ్యాగన్ల వెంట తిరిగే బండికి ఇది మామూలే. ఇనుము, సిలికాన్ రెండూ కలిసి పెరిగినప్పుడు రింగులు మార్చి ఊరుకుంటే కొత్త రింగులూ అదే దుమ్ముకు అరిగిపోతాయి. ముందు ఫిల్టరు, దాని రబ్బరు సీళ్లు, టర్బోకు పోయే గాలి పైపు కీళ్లు బాగుచేయాలి.

సిలిండర్ పట్టుకోవడానికి, ఐడిల్ మీద ఒక్కో ఫ్యూయల్ పంపును కాసేపు కట్ చేసి వినండి. కట్ చేసినా చప్పుడు మారకపోతే ఆ సిలిండర్ అంతకుముందే పనిచేయడం లేదు. కట్ చేయగానే కొట్టుడు ఆగిపోతే తప్పు అక్కడే ఉంది: ఇంజెక్టరో, రాడ్ బేరింగో.

విప్పడం

ఇంజన్ ఆపి, బ్యాటరీ స్విచ్ తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద చెక్కలు పెట్టి, క్యాబ్‌లో బోర్డు తగిలించండి. వేడిమీద క్రాంక్‌కేస్ తలుపు తీయవద్దు. లోపలి ఆయిల్ ఆవిరికి బయటి గాలి తగిలితే అంటుకుని పేలే ప్రమాదం ఉంది, చల్లారేదాకా ఆగాల్సిందే. క్రాంక్ తిప్పేటప్పుడు ఆజ్ఞ ఒక్కరిదే ఉండాలి. లోపల చేయి పెట్టినవాడు సరే అన్నాకే తిప్పాలి.

నీళ్లు దించండి. మొత్తం 1210 లీటర్లు, మందు కలిపినవి కనుక శుభ్రమైన డ్రమ్ముల్లో పట్టాలి. రాకర్లు, పుష్‌రాడ్లు తీసి ఏది ఎక్కడిదో గుర్తు పెట్టండి. తర్వాత హై ప్రెషర్ పైపు, ఇంజెక్టర్, నీళ్ల ఎల్బో, గాలి ఎల్బో, ఎగ్జాస్ట్ జాయింట్. తెరిచిన ప్రతి నోటికీ వెంటనే మూత పెట్టాలి. అక్కడ బనియన్ వేస్ట్ కుక్కవద్దు, దాని పోగు ఒక్కటి ఇంజెక్టర్ పైపులో చిక్కినా మళ్లీ విప్పాల్సి వస్తుంది.

హెడ్డు నట్లు ఒకదాని ఎదురు ఒకటిగా, కొంచెం కొంచెం వదులు చేయండి. హెడ్డును చెయిన్ బ్లాక్‌తో నిట్టనిలువుగా ఎత్తాలి, వంగితే స్టడ్ మరలు దెబ్బతింటాయి. లైనర్ పై అంచున పేరుకున్న మసి కట్టను ముందే గీకి తీసేయాలి. లేదంటే పైకి వచ్చే పిస్టన్ రింగులు దానికి తగిలి విరుగుతాయి. పిస్టన్ ఎత్తేటప్పుడు ఒకరు పైన హాయిస్ట్ దగ్గర, ఒకరు కింద తలుపు దగ్గర ఉండి, రాడ్ కింది కొస లైనర్‌కు రాసుకోకుండా చేత్తో నడిపించాలి. క్రాంక్‌పిన్‌కు మెత్తటి గుడ్డ చుట్టండి. రాడ్డూ దాని క్యాపూ పుట్టుకతో జత. ఇంకోదాని క్యాప్ వేయకూడదు.

కొలత లేకుండా కొత్త సామాను వద్దు

లైనర్‌ను పైనా, మధ్యా, కిందా కొలవండి. ప్రతి చోటా రెండు కొలతలు తీయాలి: క్రాంక్‌షాఫ్ట్ పొడవునా ఒకటి, అడ్డంగా ఒకటి. కొత్తదాని కొలత 228.6 మి.మీ. పైరింగు ఆగే చోట అరుగుదల ఎక్కువగా ఉంటుంది, అది మామూలే. కిందిభాగం ఒకవైపే అరిగితే రాడ్ వంగిందేమో చూడండి.

రింగును లైనర్‌లో పెట్టి, పిస్టన్‌తో తోసి సమంగా నిలిపి, ఫీలర్ గేజ్‌తో నోటి గ్యాప్ కొలవాలి. అరగని కిందిభాగంలో కొలవాలి. పైన కొలిస్తే గ్యాప్ సరిపోయినట్టు కనబడినా, కిందికి దిగేసరికి వేడికి కొసలు ఒకదానికొకటి కుమ్ముకుని రింగు విరుగుతుంది. క్రోమ్ లైనర్‌లో క్రోమ్ రింగు ఎప్పుడూ వేయకూడదు. రెండు గట్టి ముఖాలు రాసుకుంటే రెండూ చీరుకుపోతాయి.

పాత పిస్టన్‌ను తుక్కులో వేయకముందు దాని తల చూడండి. ఒకచోట గుంట పడి కాలి ఉంటే ఇంజెక్టర్ కారుతున్నట్టు. కారే ఇంజెక్టర్ లైనర్ మీది ఆయిల్ పొరను కూడా కడిగేస్తుంది. ఆ ఇంజెక్టర్‌ను బెంచ్ మీద పరీక్షించకుండా కొత్త పిస్టన్ దించడమంటే కొత్తదాన్నీ కాల్చుకోవడమే. షెల్ మీద పైపూత పోయి రాగి రంగు కనబడితే మార్చండి. ఒక అంచున మాత్రమే పోతే పిన్నూ రాడ్డూ వంకర చూడాలి. షెల్‌ను ఆకురాయి పెట్టి సరిచేయడం ఏ ఇంజన్‌లోనూ పనికిరాదు.

దించడం

బ్లాక్‌లో లైనర్ కూర్చునే చోట ఉప్పు, తుప్పు లేకుండా తోమాలి. నల్గొండ బోరు నీళ్ల సంగతి తెలిసిందే, టీ కెటిల్ అడుగున కట్టే తెల్లపొరే ఇంజన్ లోపలా కడుతుంది. షెడ్‌లో ఖనిజాలు తీసిన నీళ్లే వాడతారు. ఐటీఐ ఇంజన్‌లో బోరు నీళ్లు పోసే అలవాటుంటే ఇక్కడ మానుకోండి.

రబ్బరు రింగులు మెలిపడకుండా గాడిలో కూర్చోవాలి. వేలితో చుట్టూ తడిమితే మెలిక చేతికి తెలుస్తుంది. లైనర్ దించాక, పిస్టన్ వేయకముందే నీళ్లు నింపి, ప్రెషర్ పెట్టి, క్రాంక్‌కేస్‌లోకి టార్చ్ వేసి చూడండి. అప్పుడు కనబడే ఒక్క చెమ్మ బొట్టు ఒక రోజు పని మిగులుస్తుంది.

రింగుల నోళ్లు ఒకదాని కింద ఒకటి రాకుండా తిప్పి, ఆయిల్ పూసి, రింగ్ గైడ్‌తో పిస్టన్ దించండి. ఎక్కడైనా ఆగితే సుత్తె జోలికి పోవద్దు, పైకి తీసి చూడండి. హెడ్డు వాల్వులను పోర్టుల్లో కిరోసిన్ పోసి పరీక్షించాకే ఎక్కించాలి. నట్లు ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో, టార్క్ రెంచ్‌తో బిగించాలి. స్టడ్డో, గాస్కెట్టో మారితే టార్క్ మారుతుంది కనుక ఆ బండి చార్టు అంకెనే వాడండి.

టాపెట్: తొమ్మిది లెక్క

ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరుస (ఆర్ అంటే కుడి వరుస, ఎల్ అంటే ఎడమ వరుస), ఇది: 1ఆర్, 1ఎల్, 4ఆర్, 4ఎల్, 7ఆర్, 7ఎల్, 6ఆర్, 6ఎల్, 8ఆర్, 8ఎల్, 5ఆర్, 5ఎల్, 2ఆర్, 2ఎల్, 3ఆర్, 3ఎల్. రెండు చుట్లకు 720 డిగ్రీలు, 16 సిలిండర్లు, కాబట్టి ప్రతి 45 డిగ్రీలకు ఒక సిలిండర్ పేలుతుంది.

ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఒకే బ్యాంకులో, అంటే ఒకే వైపు వరుసలో, ఏ రెండు నంబర్లు కలిపితే తొమ్మిది అవుతాయో ఆ రెండు పిస్టన్లూ కలిసే పైకి వస్తాయి: 1–8, 4–5, 7–2, 6–3. ఒకటి కంప్రెషన్ చివర ఉంటే, రెండోది ఎగ్జాస్ట్ చివర ఉండి దాని రెండు రకాల వాల్వులూ కొద్దిగా తెరుచుకుని ఊగుతుంటాయి. 4ఆర్ టాపెట్ (రాకర్‌కూ వాల్వుకూ మధ్య గ్యాప్) పెట్టాలంటే 5ఆర్ రాకర్లు చూస్తూ క్రాంక్ తిప్పండి. 5ఆర్ ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటున్నప్పుడు 4ఆర్ సరైన చోట ఉంది. ఆరు సిలిండర్ల లారీలోనూ ఇంతే, అక్కడ లెక్క ఏడు. ట్రాక్టర్ నాలుగు సిలిండర్లకు అయిదు.

251బి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ 0.034 అంగుళాలు, అంటే 0.86 మి.మీ. దగ్గర. ఫీలర్ బ్లేడు కొంచెం పట్టుతో జారాలి. లాక్‌నట్ బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో స్క్రూ తిరిగి గ్యాప్ మారడం మామూలే.

మొదటి స్టార్ట్

ముందు చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పండి. గట్టిగా ఆగితే సిలిండర్‌లో నీళ్లో, ఆయిలో చేరి ఉండొచ్చు. మోటారుతో తిప్పితే రాడ్ వంగిపోతుంది. తర్వాత ఫ్యూయల్ కట్ చేసి క్రాంక్ చేస్తూ, ఆయిల్ ప్రెషర్ వచ్చిందో, కొత్త హెడ్డు రాకర్ దగ్గర ఆయిల్ కారుతోందో చూడాలి.

స్టార్ట్ చేసి 400 మీద అయిదు నిమిషాలు ఉంచి ఆపండి. చల్లారాక తలుపు తీసి కొత్త బేరింగ్‌ను పక్కవాటితో పోల్చి చేత్తో చూడండి. అన్నీ ఒకే వేడిలో ఉండాలి. సరిగ్గా ఉంటే లోడ్‌బాక్స్ మీద (బండి కదలకుండానే ఇంజన్‌కు లోడ్ ఇచ్చే పరీక్ష సామాను) నాచ్ తర్వాత నాచ్, అంటే థ్రాటిల్ మెట్లు ఒక్కొక్కటిగా, ఎనిమిది దాకా పెంచండి. ఒక్కో నాచ్‌లో ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ వేడి నిలకడగా ఆగేదాకా ఆగాలి. కొత్త రింగులు కూర్చునేదాకా కొంచెం నీలిపొగ రావచ్చు, గంటలు గడిచేకొద్దీ తగ్గాలి.

లోడ్ అయ్యాక, ఇంజన్ చల్లారాక, హెడ్డు నట్లు చార్టు ప్రకారం మరోసారి టార్క్ చేసి, టాపెట్ మళ్లీ కొలిచి, బండి నంబరు, సిలిండర్ నంబరు, పిస్టన్ రకం, పంపు సైజు, లైనర్ కొలతలు, రింగు గ్యాప్ రిజిస్టరులో రాసి సంతకం పెట్టండి. కొత్త ఆయిల్ శాంపిల్ అదే రోజు ల్యాబ్‌కు పంపితే, వచ్చే ట్రిప్‌లో పోల్చడానికి ఒక లెక్క ఉంటుంది.