కొత్త కుక్కపిల్ల రాత్రిళ్లు నిద్రపోవడం లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో ఉన్న మన తెలుగు ఇళ్లకు కొన్ని కుక్కపిల్లలు విశాఖ నుంచో బరంపురం నుంచో బస్సులోనో రైల్లోనో వస్తాయి. మరికొన్నింటిని వీధిలో చూసి పిల్లలు ముచ్చటపడి ఎత్తుకొస్తారు. ఎలా వచ్చినా, మొదటి రాత్రి ఏడ్చే కుక్కపిల్లను మొండిదని కసిరి వసారాలో కట్టేయడం వల్ల ఏ సమస్యా తీరదు. ఏడుపు ఏ వేళ మొదలైంది, అప్పుడు పిల్ల ఏం చేస్తోంది, దాని ఒళ్లు ఎలా ఉంది అన్నవి గమనిస్తే కారణం చాలావరకు బోధపడుతుంది.

సమస్య: దీపం ఆర్పగానే ఏడుపు అందుకుంటుంది

దీనికి కారణం ఒంటరితనం. పుట్టినప్పటి నుంచి తల్లి పొట్టకు ఆనుకుని, తోబుట్టువుల మీద తల వాల్చి నిద్రపోయిన పిల్లకు, పక్కన ఏ ప్రాణీ లేని చీకటి గది అంటే భయమే. ఎనిమిది వారాలు నిండకుండానే తల్లి నుంచి వేరుచేసిన పిల్లల్లో ఈ భయం మరింత ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, వీలుంటే ఆ వయసు దాటాకే తెచ్చుకోవడం మంచిది.

మొదటి కొన్ని రాత్రులు దాని పక్కను మీరు పడుకునే గదిలోనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఏర్పాటు చేయాలి. అంచులు కాస్త ఎత్తుగా ఉన్న అట్టపెట్టెలో పాత దుప్పటి పరిస్తే సరిపోతుంది. పిల్లను తెచ్చేటప్పుడే తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకుని, ఉతక్కుండా అందులో వేస్తే, ఆ వాసనకు పిల్ల ముక్కు అందులో దూర్చి పడుకోవడం మీరే చూస్తారు. ఏడిచినప్పుడు దాని వీపు మీద చెయ్యి వేసి ఉంచాలి తప్ప, ఎత్తుకుని ఆడించకూడదు. అర్ధరాత్రి ఆట ఒకసారి రుచి మరిగితే మానిపించడం కష్టం. నాలుగు రోజులు ఏడవనిస్తే అదే ఊరుకుంటుందని పెద్దలు చెప్పే మాటను నేను ఒప్పుకోను. అలా ఊరుకునే పిల్ల అలసిపోయి ఊరుకుంటుందే కానీ, దాని భయం అలాగే ఉండిపోతుంది. పిల్ల నిశ్చింతగా నిద్రపోవడం మొదలయ్యాక, పెట్టెను రోజుకు కొంచెం చొప్పున మీకు నచ్చిన చోటికి జరుపుకుంటూ వెళ్లవచ్చు. పగలు కూడా అప్పుడప్పుడు కొద్ది నిమిషాలు ఒంటరిగా వదిలి, మళ్లీ కనిపిస్తూ ఉంటే, మీరు తిరిగి వస్తారన్న నమ్మకం దానికి కుదురుతుంది.

సమస్య: బాగా నిద్రపోయి, నడిరేయి లేచి కుయ్యిమంటుంది

ఇది చాలావరకు మూత్రం కోసమే. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నేలను వాసన చూస్తూ ఒకేచోట గుండ్రంగా తిరుగుతుంటే వెంటనే పెరట్లోకి తీసుకెళ్లి, రోజూ ఒకే మూల దింపి, మాట్లాడకుండా నిలబడి, పని కాగానే మెచ్చుకుని, తిరిగి పక్కమీద పడుకోబెట్టాలి. టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరిగే చోట దింపకూడదు. కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చి ప్రాణం తీసే పార్వో అనే అంటువ్యాధి క్రిములు మట్టిలో నెలల తరబడి బతికి ఉంటాయి. రాత్రి భోజనం నిద్రకు రెండు మూడు గంటల ముందే ముగించాలి కానీ, తాగే నీళ్లను మాత్రం ఆపకూడదు.

సమస్య: ముడుచుకుని వణుకుతూ మూలుగుతుంది

కోరాపుట్, సిమిలిగూడ, పొట్టంగి వంటి కొండ ఊళ్లలో డిసెంబరు, జనవరి రాత్రుల చలికి చిన్నపిల్ల ఒంటి వేడిని నిలుపుకోలేదు. గచ్చు మీద గోనెసంచి, దానిమీద దుప్పటి పరిచి, గోరువెచ్చని నీళ్లు నింపిన సీసాను తువ్వాలులో చుట్టి పెట్టెలో ఒక వైపు మాత్రమే ఉంచాలి. వేడి ఎక్కువైతే రెండో వైపుకు జరగడానికి పిల్లకు చోటు ఉండాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం పిల్లకే కాదు, మీ ప్రాణానికీ ముప్పు.

సమస్య: తినదు, లేదా విరేచనాలు అవుతాయి

సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డు లాంటి దారిలో వచ్చిన పిల్ల వాంతి చేసుకుని, ఆ పూట తిండి ముట్టకపోవచ్చు. మర్నాటికి హుషారుగా తింటే కంగారు పడనక్కర్లేదు. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు అరగక విరేచనాలు అవుతాయి. కొన్నాళ్లు పాత ఇంట్లో తిన్న ఆహారమే పెట్టి, మార్పు నెమ్మదిగా చేయాలి.

సమస్య: ఏడవడం కూడా మానేసి, నీరసంగా పడి ఉంటుంది

ఇది అలవాటు పడటం కాదు. మళ్లీ మళ్లీ వాంతులు, రక్తంతో కూడిన విరేచనాలు, తెల్లబడిన చిగుళ్లు, లేపినా నిలబడలేకపోవడం వంటి వాటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు. పార్వో అయితే కొద్ది గంటల్లోనే పిల్ల చేజారిపోవచ్చు. పశువైద్యుడున్న ఊరికి చేరడానికే చాలాసేపు పట్టే ఈ కొండ ప్రాంతాల్లో, రాత్రిపూట ఫోన్ ఎత్తే వైద్యుడి నంబరును, ఆ వేళ బండి కట్టే మనిషి నంబరును పిల్లను ఇంటికి తెచ్చే ముందే రాసి పెట్టుకోవాలి.