విరాళాల సభకు ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

హనుమకొండలోనో వరంగల్‌లోనో విరాళాల కోసం సభ పెట్టదలచిన సంఘం మొదట తేదీని సరిచూసుకోవాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వచ్చినప్పుడు బస్సులూ జనమూ అటే మళ్లుతాయి కాబట్టి, ఎంత మంచి హాలు దొరికినా ఆ వారాన్ని వదులుకోవడమే మేలు. బతుకమ్మ సాయంత్రాలూ అంతే. ఆరుబయట సభ అయితే మైకుకు ముందే అనుమతి తీసుకొని, రాత్రి 10 గంటలలోపు ముగించాలి.

అసలు జాగ్రత్త డబ్బు దగ్గర ఉంది. రసీదు పుస్తకాలకు వరుస నంబర్లు వేయించి, ఏ పుస్తకం ఎవరికి ఇచ్చారో సంతకంతో రాసుకోవాలి. హుండీకి రెండు తాళాలు వేసి, తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంచాలి. క్యూఆర్ కోడ్‌ను ఫ్లెక్సీ మీద వేయించే ముందు ఒక్క రూపాయి పంపి, ఫోనులో సంఘం పేరు వస్తున్నదా, కార్యదర్శి సొంత పేరు వస్తున్నదా అని చూడాలి. చిన్న పనే గాని, సాధారణంగా మరిచేది దీన్నే. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జీ గుర్తింపు ఉన్న సంస్థకైనా రూ. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు వర్తించదు కనుక, పెద్ద మొత్తాలను చెక్కు ద్వారా ఇవ్వమని దాతలకు ముందే చెప్పి, వారి పాన్ నంబరు రాసుకోవాలి.

అమెరికాలో ఉన్న మన ఊరివారు అక్కడి పౌరసత్వం తీసుకొని ఉంటే, వారిచ్చేది విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం దానిని తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే ఈ చిక్కు లేదు.

శాలువాలు, జ్ఞాపికల ఖర్చుకు మాత్రం ముందే ఒక హద్దు పెట్టుకోవాలి.