నిధుల ఫైలు పైకి పంపే ముందు జాగ్రత్తలు

బెంగళూరులో రవాణా ప్రణాళిక ఉద్యోగంలో కొత్తగా చేరిన మన తెలుగువాళ్ల కోసం.

• డబ్బు ఎవరిదో విడివిడిగా రాయండి. సబర్బన్ రైలునే చూడండి. 2020లో ఆమోదం వచ్చినప్పుడు అంచనా 15,767 కోట్లు. కేంద్రం 20 శాతం, రాష్ట్రం 20 శాతం, మిగతాది ఎక్కువగా అప్పే. వడ్డీ, వాయిదాలు ఏ ఏడాది ఎవరి బడ్జెట్‌లో పడతాయో తేలకుండా ఫైలు కదపకండి.

• భూమి. ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారంతో పాటు పునరావాసం ఖర్చు కూడా కలపాలి. పాత రేట్లు వేస్తే అంచనా తర్వాత తలకిందులవుతుంది. మ్యాపుతో సరిపెట్టుకోకుండా ప్రాజెక్టు వెళ్లే దారంతా నడవండి. ఇల్లు పోయేవాళ్లతో మాట్లాడండి, అది మన పని కాదనుకోవద్దు.

• మెట్రో అయితే, కేంద్రం 2017 మెట్రో విధానం ప్రకారం బస్సు లాంటి ఇతర మార్గాలతో పోల్చి చూపాలి. ఆర్థిక రాబడి రేటు (EIRR, అంటే ఖర్చుతో పోలిస్తే సమాజం మొత్తానికి కలిగే లాభం) 14 శాతం ఉండాలి. ఆ అంకె కోసం ప్రయాణికుల సంఖ్య పెంచి రాయకండి, ఎవరు ఎంత ఒత్తిడి తెచ్చినా సరే.

• టెండర్లకు 1999 నాటి కర్ణాటక ప్రభుత్వ కొనుగోళ్ల పారదర్శకత చట్టం వర్తిస్తుంది. చదవండి.

• దారిలో మీ బంధువుల స్థలం ఉంటే ముందే రాతపూర్వకంగా చెప్పి, ఫైలు వేరేవాళ్లకు అప్పగించండి.